అమ్మ లెక్కలో రేణయ్య కొండ

అమ్మ సంవత్సరీకానికి ఉదయగిరి పోయాను. చుట్టాలు భోజనాలు చేసి వెళ్లిపోయారు. బయట ఎండ మండిపోతోంది. సాయంత్రం దాకా చేసే పనేమీ లేక అక్కా నేనూ అమ్మ ట్రంకు పెట్టె ముందర కూర్చున్నాం. ఏడాది నుంచీ ఎవరూ తెరవలేదు దాన్ని. మూత లేపగానే కలరా ఉండల వాసన, దాని వెనకే కర్పూరం, పాత పట్టుచీర. ఇవన్నీ నేను ఎదురుచూసినవే. వాటి అడుగున ఇంకో వాసన ఉంది. గుగ్గిలం లాంటిది, కానీ గుగ్గిలం కాదు. చల్లటి చోట ఎండ పడితే చెట్టు నుంచి వచ్చే వాసన. అది ఉదయగిరిలో పుట్టే వాసన కాదని ముక్కుకు తెలిసింది గానీ, ఎక్కడిదో వెంటనే గుర్తుకు రాలేదు.

జాకెట్టు గుడ్డలో కట్టిన చిన్న మూట దొరికింది. విప్పితే వేలెడు పొడవు ఎండుకాయ. చెక్కపొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, ప్రతి పొలుసు కింద నుంచీ మూడు మొనల నాలుక బయటికి వచ్చి ఉంటుంది. ఎలుకపిల్ల లోపలికి దూరి తోకా, వెనక కాళ్లూ బయట వదిలేసినట్టు.

"ఇదేం కాయరా? మందుకా?" అంది అక్క.

డగ్లస్ ఫర్ చెట్టు కాయ అది. అమెరికాలో రైనియర్ పర్వతం అడుగున, లాంగ్‌మైర్ అనే చోట అమ్మ చేతిలోంచి నేను లాక్కుని మళ్లీ చెట్టు కిందే పెట్టించాను. పెట్టించాననే ఇన్నేళ్లూ అనుకుంటున్నాను.

*

మా చిన్నప్పుడు ఉదయగిరిలో ఎండాకాలం అంటే దుర్గం. ఊరి మీద గోడలాగా నిలబడి ఉంటుంది. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. రాతిమెట్లు, బురుజులు, పైన మసీదులు, కోనేర్లు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చి ఏడాదిన్నర పాటు ముట్టడి వేస్తే గానీ 1514లో లొంగలేదని నాన్న చెప్పేవాడు. లొంగిన తర్వాత రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించి పెట్టాడు. ఈ ముక్క అమ్మకు బాగా గుర్తుండిపోయింది. తర్వాత అక్కరకు కూడా వచ్చింది.

అమ్మకు దుర్గం చరిత్ర కాదు, చూసే కొండ కూడా కాదు. పొయ్యిలోకి కట్టెలు ఉండే చోటు. పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు నలుగురైదుగురు సద్దిమూటలు కట్టుకుని ఎక్కేవాళ్లు. సెలవుల్లో నన్నూ తీసుకుపోయేది. పాదాలకు చెప్పులుండేవి కావు. ఎక్కేటప్పుడు అందరూ మాట్లాడుకునేవాళ్లు, దిగేటప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నెత్తిన మోపు ఉంటే మాట రాదు. మోపు కొసలు అడుగడుక్కీ కిర్రుమంటుండేవి. ఆ కిర్రుకిర్రు వెనకాలే నడవడం నాకు తెలుసు. ముందు ఎవరున్నారో తల ఎత్తి చూసే పనే లేదు, అమ్మ మోపు చప్పుడు నాకు తెలుసు.

తునికిపండ్లు, పాలపండ్లు దొరికేవి. పాలపండ్లు ఎక్కువ తింటే పెదాలు జిగటగా అతుక్కుపోతాయి. పిల్లల నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి పండు లేదనేది అమ్మ.

రాత్రిళ్లు వాకిట్లో నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. ఎండలు ముదిరిన రోజుల్లో వెలికొండల మీద ఎక్కడో ఒకచోట నిప్పు అంటుకునేది. పగలు కనిపించదు. చీకటి పడ్డాక కొండ నడుముకు వడ్డాణం పెట్టినట్టు ఎర్రటి గీత సన్నగా, వంకరగా పాకుతుండేది. దాన్ని చూస్తూ నిద్రపోయేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే భయం వేయాల్సిన దృశ్యం. అప్పుడు మాకు అదే టీవీ.

వాగులన్నీ ఆ రోజుల్లో ఎండిపోయి ఉండేవి. చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడేది అమ్మ. ఎండాకాలం అంటే వాగు చచ్చిపోయే కాలం అని మా లెక్క. ఈ లెక్క తప్పని చూపించిన కొండ ఇంకోటి ఉంది.

*

నేను అమెరికాలో టాకోమా అనే ఊళ్లో పనిచేసిన రోజులవి. ఐదుగురం కుర్రాళ్లం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఫోన్ కార్డు గీకి అంకెలు నొక్కి ఇంటికి మాట్లాడేవాళ్లం. నిమిషాలు అయిపోతున్నాయని మధ్యలో ఒక ఆడగొంతు చెప్పేది. అమ్మ ఆమెకు కూడా "సరేమ్మా" అని జవాబు చెప్పేది. తర్వాత నాకు వేరే ఇల్లు, కారు అమిరాయి. నాన్న పోయాక ఒంటరిగా ఉందని అమ్మను ఆరు నెలలకు పిలిపించుకున్నాను.

వచ్చిన మొదటి వారమంతా మబ్బు. ఎండాకాలం ఎక్కడరా అని అడుగుతూ స్వెట్టరు వేసుకుని కూర్చుంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఆకాశం విడిచింది. అక్కడివాళ్లు అలాంటి రోజున ఒకరికొకరు "కొండ బయటికొచ్చింది" అని చెప్పుకుంటారు. నేనూ అదే మాట తెలుగులో చెప్పి అమ్మను కిటికీ దగ్గరికి పిలిచాను.

"ఇన్నాళ్లూ యాడికి పోయుండాది?" అంది.

తర్వాత మాట్లాడలేదు. ఊరి ఇళ్ల కప్పుల పైన, కరెంటు తీగల పైన, దేని మీదా ఆనకుండా తెల్లటి ముద్ద. 14,410 అడుగులు. నాలుగున్నర దుర్గాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా కొంచెం మిగులుతుంది. అది నిజానికి అగ్నిపర్వతం అనీ, లోపల ఇంకా చల్లారలేదనీ, పైన పాతిక దాకా పేర్లున్న హిమానీనదాలున్నాయనీ చెప్పాను. హిమానీనదం అనే మాట స్కూల్లో బట్టీపట్టింది. అమ్మ ముందర నోరు తిరగలేదు. "మంచు ఏరు" అని సర్దుకున్నాను.

"పేరేంది కొండకి?"

"రైనియర్."

"రేణయ్య," అంది, పరిచయమైనట్టు. మాలకొండ ఉంది కాబట్టి మాలకొండయ్య, పెంచలకోన ఉంది కాబట్టి పెంచలయ్య. కొండ పేరు మనిషికి పెట్టుకునే దేశం మాది. రేణయ్య కూడా అందులో చక్కగా కుదిరిపోయాడు. అది 1792లో వాంకూవర్ అనే కెప్టెన్ తన స్నేహితుడి పేరు పెట్టుకుంటే వచ్చిన పేరనీ, అక్కడి పాత జనం టహోమా అంటారనీ చెప్పాను. మా ఊరి పేరు టాకోమా కూడా అందులోంచి వచ్చిందే. అమ్మ వినింది గానీ మార్చుకోలేదు. తను ఉన్నన్నాళ్లూ రేణయ్య కొండే.

*

ఆ కొండ చుట్టూ ఒక కాలిదారి ఉంది. వండర్‌లాండ్ ట్రెయిల్ అంటారు. 93 మైళ్లు, మన లెక్కలో 150 కిలోమీటర్లు. 1915లో పూర్తయింది. ఒక లోయలోకి దిగడం, మళ్లీ ఒక గట్టు ఎక్కడం, మళ్లీ దిగడం. అదే పని. మొత్తం చుట్టడానికి గట్టివాళ్లకు పది, పన్నెండు రోజులు పడుతుంది. ఇది నోరు జారి అమ్మకు చెప్పాను. గుడారాలు మోసుకుని జనం కొండ చుట్టూ తిరుగుతారమ్మా అని.

"ప్రదక్షిణ అని చెప్పరాదా," అంది.

నాకు నాలుగైదేళ్లప్పుడు అమ్మా నాన్నా పౌర్ణమికి అరుణాచలం పోయారు. గిరి ప్రదక్షిణ పద్నాలుగు కిలోమీటర్లు వట్టికాళ్లతో, నేను నాన్న భుజాల మీద. నాకు గుర్తున్నదల్లా నాన్న చెవులు. రెండు చేతులా పట్టుకుని ఉన్నాను గదా. ఆ లెక్కన ఈ రేణయ్యకు కూడా ప్రదక్షిణ చేయాల్సిందేనని అమ్మ నిర్ణయం. నడవగలిగినంత ముక్కలు ముక్కలుగా చేద్దాం, దేవుడు లెక్క కూడుకుంటాడు అంది.

మొదటి శనివారం లాంగ్‌మైర్ నుంచి మొదలుపెట్టాం. చెట్లలోకి అడుగు పెట్టగానే బూట్లు విప్పేసింది. ప్రదక్షిణకు బూట్లేందిరా? నేల మీద సూదుల్లాంటి ఆకులు మెత్తగా పరుచుకుని, కింద నుంచి చల్లదనం. వంద అడుగులు నడిచి, ఎవరూ చూడకుండా మళ్లీ తొడుక్కుంది. నేను చూడనట్టే నటించాను.

ఆ చెట్లు మాకు కొత్త. మా కొండ చెట్లు ఎండాకాలంలో ఆకు రాల్చేసి ఎముకల్లా నిలబడతాయి. ఇవి తల పూర్తిగా వెనక్కి వాల్చితే గానీ కొస కనపడనివి. మొదళ్ల నిండా పాచి. ఎక్కడో పైన ఎండ ఉంది, ముక్కలుగా కిందికి పడుతోంది. ఎండ పడ్డ చోటల్లా ఆ వాసన. పెట్టెలో నాకు తగిలింది అదే.

మైలున్నర పోయాక అమ్మ ఠక్కున ఆగింది. చెట్ల సందులోంచి నది, దాని ఎగువన కొండ కనపడ్డాయి.

"ఒరేయ్ అబ్బయా, కొండ ఎడమచేతికి ఉండాది."

నిజమే. లాంగ్‌మైర్ నుంచి తూర్పుగా పోతే కొండ ఎడమవైపే ఉంటుంది. ప్రదక్షిణకు కుడిచేతికి ఉండాలి. అప్రదక్షిణంగా నడవనంటే నడవనంది. వెనక్కి తిరిగాం. ఆ రోజు పులిహోర కారు పార్కింగులో తిన్నాం. నాకు చిరాకేసింది, వంద మైళ్లు కారు నడిపింది ఇందుకా అని.

తర్వాత వారం పై నుంచి మొదలుపెట్టాం, రిఫ్లెక్షన్ లేక్స్ నుంచి లాంగ్‌మైర్‌కు దిగే వైపు. కొండ కుడిచేతికి వచ్చింది, దారి దిగుడు అయింది. ఇద్దరికీ లాభమే.

*

రిఫ్లెక్షన్ లేక్స్ దగ్గర గాలి లేని పొద్దున్న కొండ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. ఆగస్టు మొదట్లో పోయాం. ఒడ్డున ఇంకా అక్కడక్కడ మంచు పెళ్లలు, వాటి పక్కనే పూలు. నీలంగా లూపిన్, ఎర్రగా పెయింట్ బ్రష్, తెల్లటివి పేరు తెలియనివి బోలెడు. ఏడెనిమిది నెలలు మంచు కింద పడి ఉండే నేల అది. దొరికిన కొద్ది నెలల్లోనే మొలవాలి, పూయాలి, గింజ కట్టాలి. అందుకే అన్నీ ఒక్కసారే పూస్తాయి. మాకు మాఘంలో మోదుగ, ఫాల్గుణంలో కొండగోగు, వైశాఖంలో రేల. ఒకటి పోయాక ఒకటి, తీరుబడిగా. అమ్మ పూలలోకి వంగి చూసి, "వీటికి తొందర ఎక్కువ," అంది.

దారి కిందికి దిగుతూ ఒక జలపాతం పక్కగా పోతుంది. బోర్డు మీద పేరు చదివి అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. నారద ఫాల్స్. వేళాకోళం కాదు. టాకోమాలో అప్పట్లో దివ్యజ్ఞాన సమాజం శాఖ ఒకటి ఉండేది. 1893లో వాళ్లు మన నారదుడి పేరే పెట్టారు. తుంపర మొహం మీద పడుతోంది, అందులో ముక్క ఇంద్రధనుస్సు. అమ్మ బూట్లు విప్పింది. ఈసారి నిజంగానే విప్పి, నీళ్లు నెత్తిన చల్లుకుని, నా నెత్తినా చల్లింది.

"ఈయన తిరగని లోకం లేదు గదా," అంది.

అక్కడే అడిగింది, మైలు అంటే ఎన్ని అడుగులు అని. నీ అడుగుతో రెండు వేలు వేసుకో అన్నాను. బ్యాగులోంచి పుస్తకం తీసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాల లెక్కల పుస్తకం. మా ఇంట్లో ఎప్పుడూ రెండు గేదెలు ఉండేవి. పోసిన ప్రతి అరలీటరుకూ ఒక గీత, నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డం. అదే పుస్తకం వెనక పేజీలో "రి", "నా", "లాం" అని రాసుకుని గీతలు పెట్టింది. ఆ రోజుకు ఆరు.

లాంగ్‌మైర్ చేరాక ఆ కాయ గొడవ. అక్కడ పండ్లు కోసుకుని తినొచ్చు, కానీ కాయ, ఆకు, రాయి ఏదీ తీసుకుపోకూడదని రూలు. కొంగులో దాచుకుంది. నాకు టెన్షన్. ఎవరైనా చూస్తే పరువు పోతుంది, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఇంకేమైనా ఉందా.

"రాయలు మా ఊరి కృష్ణుణ్నే ఎత్తుకుపోయాడు. అడిగినోడు లేడు. నేను రాలిన కాయ తీసుకుంటే తప్పొచ్చిందా?"

నవ్వాల్సిన మాట. నేను నవ్వలేదు. గట్టిగా అరిచాను కూడా. అటుగా పోతున్న ముసలి దంపతులు మా వైపు చూశారు. అమ్మ వంగి కాయను చెట్టు మొదట్లో పెట్టింది. నేను కారు తీయడానికి పోయాను.

*

వాగుల సంగతి చెప్పాలి. అక్కడ ఎండ ఎక్కువైతే వాగు పొంగుతుంది. పొద్దున్న మోకాలి లోతు ఉన్నది సాయంత్రానికి దాటలేనంత అవుతుంది, పగలంతా మంచు కరుగుతుంది గదా. పొంగినప్పుడు నీళ్ల అడుగున బండరాళ్లు దొర్లుతూ ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు, దూరంగా ఎవరో రోట్లో ఏదో దంచుతున్నట్టు. దాటడానికి ఒక దుంగ, దానికి ఒక పక్క చేతికర్ర. వరదకు ఆ దుంగలు కొట్టుకుపోవడం, మళ్లీ వేయడం మామూలేనట.

నీళ్లు తేటగా ఉండవు. హిమానీనదం కిందనున్న రాతిని నూరి నూరి పిండి చేస్తుంది, ఆ పిండి కలిసి తెల్లగా వస్తాయి. అమ్మ దుంగ మీద సగంలో ఆగి కిందికి చూసింది. నాకేమో గుండె దడ. ఆమె మాత్రం తీరిగ్గా, "నీళ్లు బాగానే కలిపారు," అంది. ముప్పై ఏళ్లు పాలు పోసిన మనిషి.

ఇంకో ఇబ్బంది దీపానిది. జులైలో తొమ్మిదికి గానీ పొద్దు గుంకదు. సంజె దీపం ఎప్పుడు పెట్టాలి? ఏడుకు పెడితే ఎండలో దీపం, తొమ్మిదికి పెడితే నిద్రవేళ. చివరికి ఉదయగిరి టైము ప్రకారం పెడతానంది. అంటే అక్కడ పొద్దున్నే. కొన్నాళ్లు అలాగే జరిగింది. ఆరింటికి అగ్గిపుల్ల గీసిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది.

*

రెండో వేసవిలో మళ్లీ వచ్చింది. అప్పుడు సమ్మర్‌లాండ్ వైపు పోయాం, నాలుగు మైళ్ల పైచిలుకు ఎక్కుడు. అటు దక్షిణంగా నడుస్తాం కాబట్టి కొండ కుడిచేతికే. ముందే చూసి పెట్టుకున్నాను.

చెట్లు అయిపోయి పచ్చిక వచ్చింది. ఎక్కడో ఈల. గొర్రెల కాపరి అనుకుని అమ్మ చుట్టూ చూసింది. బండ మీద లావుగా, బూడిద రంగులో ఒక జంతువు వెనక కాళ్ల మీద నిలబడి ఉంది. మార్మట్. "ఈ పందికొక్కుకు ఈల ఎవరు నేర్పారు?" అని చాలాసేపు దానితోనే మాట్లాడింది.

పైన మంచు చాలా దగ్గర. నేననుకున్నట్టు తెల్లగా నున్నగా లేదు. మడతలు, పగుళ్లు, పగుళ్లలో నీలం, అంచుల మీద మట్టి. అమ్మకు అది మీగడ. బాగా కాచి దించిన గేదె పాల మీద కట్టిన మీగడను పక్కకు జరిపితే పడే మడతలు. అది కదులుతుందమ్మా, కొన్ని చోట్ల రోజుకు మూరెడు కూడా పోతుంది అన్నాను. నమ్మలేదు. అంతలో పై నుంచి ఒక చప్పుడు వచ్చింది, తుపాకీ పేలినట్టు, తర్వాత ఏవో దొర్లుతూ చాలాసేపు. ఎంత వెతికినా రాలింది ఏదో కనపడలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు.

దిగుతూ అడిగింది, అవతలి వైపు గట్టు దాటితే ఏముంటుంది అని. ఇంకో లోయ, ఇంకో నది అన్నాను. వచ్చే వారం పోదాం అంది. వచ్చే వారం ఆఫీసులో రిలీజ్ ఉంది. ఆ తర్వాత వారం కూడా ఏదో ఉంది. తర్వాత వానలు పట్టాయి, ఆమె టికెట్టు తేదీ వచ్చింది. వచ్చే ఏడు అనుకున్నాం. వచ్చే ఏటికి నేనే నెల్లూరు వచ్చేశాను.

టాకోమాలో మిగిలిపోయిన స్నేహితుడు మొన్నామధ్య ఫోటో పంపాడు. రేణయ్య కొండ మీది నిస్క్వాలీ హిమానీనదం మేం చూసిన చోటు నుంచి చాలా పైకి వెళ్లిపోయింది. కింద అంతా బూడిద రంగు రాళ్లే. అమ్మకు చూపించలేదు. అప్పటికే ఆమెకు చూపు తగ్గింది.

*

పెట్టె అడుగున పాల పుస్తకం కూడా దొరికింది. వెనక పేజీ తీశాను. రి, నా, లాం. సమ. ఇంకో రెండు మూడు ముక్కలు. మొత్తం పదిహేడు, కింద గీత కొట్టి "మిగిలింది 76". అక్కడితో అయిపోయిందనుకుని పేజీ తిప్పితే తర్వాతి పేజీల నిండా గీతలు. పైన ఒకే అక్షరం, "మే".

"మే నెల పాల లెక్కేమో," అన్నాను. అనగానే గుర్తొచ్చింది, అప్పటికి గేదెలు అమ్మేసి చాలా ఏళ్లయింది.

అక్క పుస్తకం తీసుకుని చూసింది. "మే నెల కాదురా. మేడ. షుగర్ వచ్చాక నడవమన్నారు గదా. వీధిలో కుక్కలని మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగేది. రెండు వేల అడుగులు అయితే గానీ కిందికి రానని మొండితనం. ఎందుకు రెండు వేలో డాక్టరు చెప్పాడనుకున్నా."

గీతలు లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను. మూడోసారి అక్క వేలు పెట్టి చూపిస్తుంటే కూడాను. డెబ్బై ఆరో గీత దగ్గర కాగితం మీద కుంకుమ మరక ఉంది. పక్కన ఏమీ రాయలేదు. కింద మళ్లీ ఒకటి నుంచి మొదలు. రెండో చుట్టు నలభై ఒకటి దగ్గర ఆగింది.

ఐదున్నర దాటాక మేడ మీదికి పోయాను. దుర్గం ఎండకు వెలిసిపోయిన రంగులో ఉంది. ట్యాంకు చుట్టూ కొన్ని అడుగులు వేశాక చూసుకుంటే అది నా ఎడమచేతి వైపు ఉంది. ఆగి, వెనక్కి తిరిగి, అటు నుంచి మొదలుపెట్టాను. చెప్పులు కిందే వదిలేసి వచ్చాను, సిమెంటు ఇంకా కాలుతోంది.